గొలుసు కూర్పు: కంప్యూటరు భాషలలో నొక చిహ్నమును గూర్చిన వివాదము

భాషలోనికి క్రొత్త మాట వచ్చుట యొకటి. క్రొత్త వాక్యనిర్మాణము వచ్చుట మరియొకటి. షోలాపురమున నేతపనిచేయు తెలుగువారి యిండ్లలో మరాఠీ మాటలును, బరంపురపు తెలుగువారి యిండ్లలో ఒడియా మాటలును, హొసూరు ప్రాంతమున కన్నడ తమిళ పదములును తెలుగుతో కలిసి చాల తరములైనది. ఆ మాటలను ఎవ్వరును సభచేసి అనుమతింపలేదు. అక్కర కలిగినపుడు వచ్చినవి; అక్కర తీరిన పిదప కొన్ని పోయినవి. కాని వాక్యమును కూర్చు పద్ధతియే మారవలెనన్నచో వివాదము తప్పదు. ఏలయన మాట యొక వస్తువునకు పేరు మాత్రమే. వాక్యనిర్మాణము ఆలోచన నడచు త్రోవ.

ఇట్టి వివాదములు మానవభాషలకే పరిమితములు కావు. కంప్యూటరునకు పని చెప్పుటకై కల్పింపబడిన భాషలలోను అవి తీవ్రముగా జరుగుచున్నవి. బెంగుళూరు, చెన్నపట్టణము, పూనా నగరములలో తెలుగు కుటుంబముల బిడ్డలనేకులు ఈ భాషలతోనే జీవనము సాగించుచున్నారు. వారు దినమంతయు వ్రాయునది యెట్టి భాషయో, దాని వ్యాకరణమును మార్చుట యెంత కష్టమో, ఆ కష్టమునకు తెలుగు వాక్యముతో నున్న చుట్టరికమేమో పెద్దలు తెలిసికొనదగిన విషయము. దానిని ఒక్క ఉదాహరణముతో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. జావాస్క్రిప్టు అను భాషలో ‘గొలుసు కూర్పు’నకు ఒక క్రొత్త చిహ్నమును చేర్చవలెనా వలదా యను చర్చయే ఆ ఉదాహరణము.

వ్యాకరణము ముందు, భాష వెనుక

మానవుల విషయమున భాష ముందు పుట్టినది, వ్యాకరణము వెనుక వచ్చినది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడుటకు ఎన్నియో శతాబ్దములకు ముందే తెలుగున మహాకావ్యములు వెలసియుండెను. కంప్యూటరు భాషలయందు ఈ క్రమము తలక్రిందులు. అచట వ్యాకరణము ముందు వ్రాయబడును. ఆ వ్యాకరణమున లేని వాక్యమును ఎవ్వరును పలుకజాలరు. మనుష్యుడు మాట తడబడినను ఎదుటివాడు భావము గ్రహించును. యంత్ర మట్లు గ్రహింపదు. ఒక్క కుండలీకరణము మూయుట మరచినను వాక్యమంతయు నిరర్థకమగును. కావున ఈ భాషలలో ప్రతి చిహ్నమునకును ఎవరో యొకరు బాధ్యులై నిర్ణయము చేయవలసియున్నది.

జావాస్క్రిప్టు తొలిరూపమును 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ అను నాతడు పది దినములలో నిర్మించెను. నేడు ప్రపంచమున ఏ వెబ్ పుట తెరచినను దానివెనుక ఈ భాషయే పనిచేయుచుండుట సామాన్యము. దీని ప్రామాణిక వ్యాకరణమును జెనీవా నగరమున నున్న ఎక్మా సంస్థ 1997లో తొలిసారి ప్రకటించెను. దానిని సంస్కరించు భారము ఆ సంస్థయొక్క 39వ సాంకేతిక సంఘముపై నున్నది. బ్రౌజరులను నిర్మించు పెద్ద సంస్థల ప్రతినిధులును, ఇతర నిపుణులును అందు సభ్యులు. ఒక క్రొత్త ప్రతిపాదన వచ్చినచో అది మెట్టు మెట్టుగా ఎక్కవలెను. మొదటి మెట్టున ‘ఈ సమస్య ఆలోచింపదగినది’ అని సంఘ మంగీకరించును. రెండవ మెట్టున పరిష్కారమునకు ఒక చిత్తురూపము నిర్ణయమగును. మూడవ మెట్టున బ్రౌజరులవారు దానిని నిర్మించి చూతురు. నాలుగవ మెట్టు చేరినది వ్యాకరణమున చేరును. నిర్ణయములు వోట్ల లెక్కచే గాక ఏకాభిప్రాయముచే జరుగును. గట్టిగా అడ్డు చెప్పు సభ్యుడు ఒక్కడున్నను ప్రతిపాదన ముందునకు సాగదు.

ఇంత జాగ్రత్త యేలయని సందేహము కలుగవచ్చును. దానికి 2018లో జరిగిన యొక సంఘటనమే సమాధానము. జాబితాలోని జాబితాలను విప్పి సమతలము చేయుటకు ‘ఫ్లాటెన్’ అను క్రొత్త ప్రమేయమును చేర్చదలచిరి. కాని మూటూల్స్ అను పాత గ్రంథాలయమును వాడుకొనిన వెబ్ పుటలు కొన్ని అప్పటికే ఆ పేరుతో తమ స్వంత ప్రమేయమును కలిగియుండెను. క్రొత్తది చేరినంతనే ఆ పుటలు చెడిపోవుచున్నవని పరీక్షలో తేలినది. పెక్కు చర్చలైన పిదప పేరును ‘ఫ్లాట్’ అని మార్చి 2019 వ్యాకరణమున చేర్చిరి. ఎవరో యెన్నడో వ్రాసి మరచిన పుట సైతము చెడరాదనుట ఈ సంఘమువారి నియమము. అనగా ఒకసారి చేర్చినదానిని తీసివేయుట దాదాపు అసాధ్యము. మానవభాషలో వాడుక తప్పిన మాట నిఘంటువులో నిద్రించును; యంత్రభాషలో వాడుక తప్పిన చిహ్నమును కూడ యంత్రము ఎల్లకాలము మోయవలసినదే.

చిక్కు ఎక్కడ నున్నది?

ఇపుడు అసలు విషయమునకు వత్తము. కంప్యూటరు ప్రోగ్రాములో పని చేయు భాగమును ‘ప్రమేయము’ అందురు. గణితమున వలెనే ప్రమేయమునకు ఒక విలువ నిచ్చినచో అది మరియొక విలువను తిరిగి ఇచ్చును. పెక్కు పనులు వరుసగా జరుగవలసినపుడు ఒకదాని ఫలము రెండవదానికి ఇయ్యవలెను. వంటయింటి ఉదాహరణము తీసికొందము. బియ్యమును కడుగవలెను, ఉడికింపవలెను, వార్చవలెను, వడ్డింపవలెను. ఈ నాలుగు పనులను ప్రమేయముల పద్ధతిలో వ్రాసినచో ఇట్లుండును:

వడ్డించు(వార్చు(ఉడికించు(కడుగు(బియ్యము))))

ఇందు మొదట చేయవలసిన పని లోపలను, చివర చేయవలసిన పని అన్నిటికంటె ముందును ఉన్నది. చదువువాడు కుండలీకరణములను దాటుకొనుచు లోపలికి పోయి, బియ్యమును పట్టుకొని, మరల వెనుకకు నడవవలెను. పనులు నాలుగైనచో సహింపవచ్చును. పదియైనచో కన్ను తప్పును.

తెలుగువాడు ఈ విషయమునే ఎట్లు చెప్పును? ‘బియ్యమును కడిగి, ఉడికించి, వార్చి, వడ్డించిరి’ అనును. వస్తువు ముందు వచ్చినది; పనులు జరిగిన వరుసనే మాటలును వచ్చినవి. తుదకు ఒక్క సమాపక క్రియతో వాక్యము ముగిసినది. మన వ్యాకర్తలు క్త్వార్థకమని పేర్కొనిన అసమాపక క్రియయే ఈ సౌలభ్యమునకు మూలము. ‘కడిగి’ అన్నంతనే వినువాడు ‘తరువాత ఏమి?’ అని యెదురుచూచును. ఇదియే గొలుసు కూర్పు. మన కన్నడ, తమిళ సోదరుల భాషలలోను ఈ పద్ధతి కలదు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు కోరుచున్నది కూడ ఇట్టి సౌలభ్యమునే.

వారు ప్రతిపాదించిన చిహ్నము ఒక నిలువుగీత, దాని వెంటనే కుడివైపునకు మొనగల కోణము: |> అని. దానితో పై వాక్యము ఇట్లు మారును:

బియ్యము |> కడుగు |> ఉడికించు |> వార్చు |> వడ్డించు

చదువుటకు ఎంత సుళువో వేరుగ చెప్పనక్కరలేదు. ఎడమనున్న విలువ కుడినున్న ప్రమేయమునకు అందును. దాని ఫలము మరల కుడికి అందును.

ఈ ఊహ నేటిది కాదు

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు డగ్లస్ మెకిల్‌రాయ్ అను శాస్త్రజ్ఞుడు 1964లోనే ఒక చిన్న లేఖలో ఈ భావమును సూచించెను. తోటకు నీరు పెట్టు గొట్టమును ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను జోడింపగలుగవలెనని ఆయన కోరిక. 1973లో కెన్ థామ్సన్ యూనిక్స్ వ్యవస్థలో దానిని నెరవేర్చెను. ఒక ప్రోగ్రాము వెలువరించిన అక్షరములు రెండవ ప్రోగ్రామునకు ఆహారమగును. వానిని కలుపుటకు నిలువుగీతయే చిహ్నముగా స్థిరపడినది.

తరువాత 1994లో ఇసబెల్ అను సిద్ధాంతనిరూపణ సాధనమునందు నిలువుగీతయు కోణమును కలిసిన చిహ్నము కనబడినది. అచటినుండి మైక్రోసాఫ్టువారి ఎఫ్-షార్ప్ భాష దానిని ప్రసిద్ధిలోనికి తెచ్చెను. ఎలిగ్జిర్, ఎల్మ్, జూలియా మున్నగు భాషలును దానిని స్వీకరించెను. గణాంకశాస్త్రమున వాడబడు ఆర్ భాషలో 2014లో ‘మాగ్రిట్టర్’ అను గ్రంథాలయముద్వారా ఇట్టి చిహ్నము ప్రచారమునకు వచ్చినది.

జావాస్క్రిప్టులోను గొలుసు బొత్తిగా లేకపోలేదు. వస్తువు పేరు చెంత చుక్క పెట్టి, దాని స్వంత ప్రమేయములను వరుసగా పిలువవచ్చును. 2006లో జాన్ రెసిగ్ వెలువరించిన జేక్వెరీ అను గ్రంథాలయముయొక్క ప్రసిద్ధికి ఈ చుక్కల గొలుసు ఒక ముఖ్యకారణము. కాని ఇందొక లోపమున్నది. ‘కడుగు’ అను పని బియ్యమునకు స్వంతమైనచో మాత్రమే దానిని చుక్కతో పిలువవలను పడును. పొరుగింటివారి ప్రమేయమును తెచ్చి మధ్యలో చేర్చుట కుదరదు. ఆ కొరత తీర్చుటకే క్రొత్త చిహ్నము కావలెనని అనేకులు కోరిరి. 2020లో జావాస్క్రిప్టు వాడుకరులలో జరిగిన యొక సర్వేక్షణమున ‘ఈ భాషలో లేనిది యేది?’ అను ప్రశ్నకు వచ్చిన సమాధానములలో ఈ చిహ్నము నాలుగవ స్థానమును పొందెను.

సర్వనామము ఉండవలెనా?

అందరును కోరినదైనచో ఏల జాప్యము? ‘గొలుసు కావలెను’ అనుటలో అనేకులు ఏకమైరి. ‘ఎట్టి గొలుసు’ అనుటలో చీలిరి. ఈ చీలిక తెలుగు వ్యాకరణము నెరిగినవారికి మిక్కిలి సులభముగా బోధపడును.

తెలుగున ‘బియ్యమును కడిగి ఉడికించిరి’ అనవచ్చును. ‘బియ్యమును కడిగి, దానిని ఉడికించిరి’ అనియు అనవచ్చును. మొదటి వాక్యమున ‘దానిని’ అను సర్వనామము లేదు, వినువాడు ఊహించుకొనును. ఆ ఊహ సాగునంతవరకు సర్వనామము అనవసరపు బరువే. కాని ‘అన్నమును వార్చి, దానిలో నేయి కలిపి, దానితో ఉండలు చేసి’ అను వాక్యమును చూడుడు. ఇచట ‘దానిలో’, ‘దానితో’ అను మాటలను తీసివేయుట కుదరదు. ఏలయన వస్తువు ఒక్కొక్క పనిలో ఒక్కొక్క స్థానమున నిలుచుచున్నది. ఒకచోట కర్మ, ఒకచోట ఆధారము, మరియొకచోట సాధనము. తెలుగున ఆ స్థానమును విభక్తి తెలుపును. ప్రమేయములకు ఇచ్చు విలువలకు విభక్తులు లేవు. కుండలీకరణములో మొదటిదా, రెండవదా, మూడవదా యను స్థానమే వాని విభక్తి.

ఎఫ్-షార్ప్ పక్షమువారు సర్వనామము వలదనిరి. గొలుసులోని ప్రతి ప్రమేయమును ఒక్క విలువనే పుచ్చుకొనునదిగా నున్నచో కూర్పు చక్కగ, పొదుపుగ నుండునని వారి వాదము. కాని ‘కలుపు(నేయి, అన్నము)’ వలె రెండు విలువలు గల ప్రమేయము వచ్చినపుడు మధ్యలో ఒక చిన్న ప్రమేయమును అప్పటికప్పుడు కల్పింపవలసి వచ్చును.

రెండవ పక్షము హ్యాక్ భాషనుండి పేరు పొందినది. వీరు సర్వనామము తప్పనిసరి యనిరి. ఎడమనుండి వచ్చిన విలువ ఎచట చేరవలెనో అచట ఒక గుర్తు నుంచవలెను:

అన్నము |> కలుపు(నేయి, %) |> వడ్డించు(%)

ఇందు ‘%’ అనునదే ‘అది’ యను సర్వనామము. విలువ ఏ స్థానముననైన చేరవచ్చును. ఆలస్యముగా వచ్చు ఫలమునకై వేచియుండు పదమును కూడ ప్రత్యేక నియమము లేకయే గొలుసులో చేర్చవచ్చును. అయితే ఒక్క విలువ గల ప్రమేయమునకు సైతము కుండలీకరణమును సర్వనామమును వ్రాయవలసి వచ్చుచున్నది. ప్రతి కొంకికిని మూడక్షరముల పన్ను కట్టవలసివచ్చినదని మొదటి పక్షమువారి ఫిర్యాదు.

2017లో ఈ ప్రతిపాదన సంఘమున మొదటి మెట్టు నెక్కినది. ఎఫ్-షార్ప్ పద్ధతిలో అప్పటికప్పుడు కల్పింపబడు చిన్న ప్రమేయములకు జ్ఞాపకశక్తి వ్యయమగునని బ్రౌజరుల నిర్మాతలు కొందరు శంకించిరి. తుదకు 2021 ఆగష్టులో సంఘము హ్యాక్ పద్ధతిని గైకొని రెండవ మెట్టునకు ఎక్కించెను. కాని సర్వనామమునకు ఏ గుర్తు వాడవలెనను ప్రశ్న మిగిలిపోయినది. ‘%’ యను గుర్తు భాగహారశేషమునకు అప్పటికే నియమింపబడినది. ‘^’ యను గుర్తునకును వేరు పని కలదు. రెండేసి గుర్తులను జంటగా వాడవచ్చునని కొందరనిరి. అవి కంటికి ఇంపుగ లేవని మరికొందరనిరి. 2025 నాటికిని ఆ ప్రతిపాదన రెండవ మెట్టును దాటలేదు.

వలదనువారి మాట

రెండు పక్షములకును వెలుపల మూడవ పక్షమొకటి కలదు. ఏ గొలుసు చిహ్నమును వలదనుట వారి మతము. వారి మాటను ఛాందసమని త్రోసివేయరాదు.

మొదటిది: ప్రతి మెట్టునకును ఒక పేరు పెట్టినచో చిక్కే లేదందురు. కడిగిన బియ్యమునకొక పేరు, ఉడికిన అన్నమునకొక పేరు పెట్టి విడివిడి వాక్యములుగ వ్రాయవచ్చును గదా! పేరు పెట్టుట శ్రమయే. కాని ఆ పేరే చదువరికి వ్యాఖ్యానమగును. తప్పు దొరలినపుడు ఏ మెట్టున దొరలినదో వెంటనే తెలియును. పొడుగు గొలుసులో ఒక కొంకి తెగినచో అది యేదో వెదకవలసియుండును. పూర్వపు క్రయ దస్తావేజులను చూచినవారికి ఈ వాదములోని బలము తెలియును. ‘పుచ్చుకొని’, ‘స్వాధీనపరచి’, ‘ఒప్పుకొని’ అనుచు పుట పొడవునను ఒక్కటే వాక్యము సాగును. ఎవరు ఎవరికి ఏమిచ్చిరో తేల్చుటకు వకీలు కావలసివచ్చును. అందుచేతనే తెలుగు బడిలో ఉపాధ్యాయుడు పిల్లవాని వ్యాసమున క్త్వార్థకములు మితిమీరినపుడు ఎఱ్ఱసిరాతో గీత గీసి వాక్యమును రెండుగ విరుచును. గొలుసు తప్పు కాదు, పొడవు తప్పు.

రెండవది: ఒకే పనికి రెండు మూడు మార్గములున్నచో నేర్చుకొనువానికి బరువు పెరుగును. నిపుణునకు క్రొత్త చిహ్నము ఒక దినపు పాఠము. ఆ భాషను అప్పుడే మొదలుపెట్టిన విద్యార్థికి అది మరియొక గోడ. తాను వాడకపోయినను, ఇతరులు వ్రాసినది చదువవలెను గనుక నేర్వక తప్పదు. చిహ్నమును కోరువారు సభలో మాటలాడుదురు. రేపు దానిని నేర్వవలసినవారు సభలో నుండరు.

ఇతరుల అనుభవములు

ఇట్టి నిర్ణయములు ఇతర భాషలలో ఎట్లు ఫలించినవో చూచుట లాభకరము.

జపాను దేశీయుడగు యుకిహీరో మట్సుమోటో నిర్మించిన రూబీ భాషలో 2019 జూన్ నెలయందు ఈ చిహ్నమునే చేర్చిరి. కాని దాని అర్థము వేరు. అది చుక్క చేయు పనినే కొలది భేదముతో చేయుచుండెను. ఎలిగ్జిర్ భాష నెరిగినవారు ఆ చిహ్నమును చూచి, ఎడమనున్న విలువ కుడి ప్రమేయమునకు మొదటి విలువగా చేరునని తలచిరి, అట్లు జరుగలేదు. ఒకే రూపమునకు రెండు భాషలలో రెండర్థములైనచో కలుగు గందరగోళమది. సరిహద్దు ప్రాంతముల తెలుగువారికి ఇట్టి అనుభవము క్రొత్తది కాదు. తెలుగున ‘చెప్పు’ అనగా పలుకుమని యర్థము. కాలికి తొడుగుకొను వస్తువును చెప్పే. కన్నడమున ‘చప్పలి’ యన్నను, తమిళమున ‘చెరుప్పు’ అన్నను పాదరక్షయే గాని పలుకుట కాదు. ఆక్షేపణలు రాగా రూబీ పెద్దలు ఆ చిహ్నమును ఆగష్టులోనే తొలగించిరి. డిసెంబరులో వెలువడిన 2.7 సంచికలో అది లేదు. విడుదలకు ముందే తొలగింపగలిగిరి గనుక ఎవరికిని నష్టము కలుగలేదు.

ఆర్ భాష వేరు త్రోవ త్రొక్కినది. అచట గ్రంథాలయములోని చిహ్నమును వాడుకరులు ఏడేండ్లు వాడిచూచిరి. దాని గుణదోషములు అనుభవమున తేలిన పిదప, 2021 మే నెలలో వెలువడిన 4.1.0 సంచికయందు భాషలోనే |> చిహ్నమును చేర్చిరి. మొదట అందు సర్వనామము లేదు. లోటు కనబడగా 2022లో అడుగుగీతను సర్వనామముగా చేర్చిరి. వాడుక ముందు నడచినది, వ్యాకరణము వెనుక నడచినది.

పి.హెచ్.పి. భాషలో 2021లో తిరస్కరింపబడిన ప్రతిపాదన, సవరణల పిదప 2025లో అంగీకరింపబడి ఆ యేడు నవంబరున వెలువడిన 8.5 సంచికలో చేరినది. అందు గైకొనినది సర్వనామము లేని పద్ధతి. హ్యాక్ భాష పి.హెచ్.పి. నుండియే పుట్టినదగుట గమనింపదగినది. బిడ్డ సర్వనామము కావలెననెను, తల్లి వలదనెను.

జావాస్క్రిప్టులోనే మరియొక గొలుసు చిహ్నము సుఖముగ చేరినది. అది ప్రశ్నార్థకమును చుక్కయు కలిసిన ?. అనునది. గొలుసు నడుమ నొక వస్తువు లేకపోయినచో ప్రోగ్రాము కూలిపోక ‘లేదు’ అను సమాధానముతో అచటనే నిలుచును. సి-షార్ప్, స్విఫ్ట్ మున్నగు భాషలలో ఇది యిదే యర్థముతో ముందే ఉండుటచే గందరగోళము లేకపోయెను. 2020 వ్యాకరణమున అది చేరినది. అప్పుడు సైతము పాతవాక్యములు చెడకుండ ఒక సూక్ష్మనియమము చేయవలసివచ్చెను. షరతు చెప్పునపుడు ప్రశ్నార్థకమును, దాని వెంటనే ‘.5’ వంటి దశాంశ సంఖ్యను వ్రాసినవారు ఉండవచ్చును. అందుచే ?. తరువాత అంకె వచ్చినచో దానిని క్రొత్త చిహ్నముగా ఎంచరాదని నిర్ణయించిరి. పాతవారి వాక్యమునకు ఇంత మర్యాద!

ఈ చర్చలు మనుష్యులను నొప్పించిన సందర్భములును గలవు. పైథాన్ భాషను సృష్టించి, 1991లో లోకమున కర్పించిన గైడో వాన్ రోసమ్, 2018లో ఒక క్రొత్త చిహ్నమును అంగీకరించుటకై వాదములలో అలసిపోయి, ఆ జూలైలో తన నిర్ణయాధికారమునే వదలుకొనెను. అది గొలుసు చిహ్నము కాదు. విలువకు నడుమనే పేరు పెట్టునది. మరుసటి యేడు ఐదుగురు సభ్యుల మండలి ఎన్నికై ఆ భారమును వహించెను. చిహ్నము చిన్నదే, దాని వెనుక నున్న ప్రశ్న పెద్దది. భాష ఎవరిది?

మన వివాదమునుండి ఒక పాఠము

ఈ ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. గత శతాబ్దపు రెండవ దశకమున పాఠ్యగ్రంథములు గ్రాంథికమున నుండవలెనా, శిష్టవ్యావహారికమున నుండవలెనా యని పెద్ద వివాదము జరిగినది. వ్యావహారిక పక్షమునకు నాయకుడైన గిడుగు రామమూర్తి పంతులు, నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవర భాషను నేర్చి, ఆ పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పింప పూనుకొనిన మహనీయుడు. బడిపిల్లవానిపై పడు భారమే ఆయన వాదమునకు ఆధారము. ఎదుటి పక్షమున జయంతి రామయ్య పంతులు మున్నగు పండితులు నిలిచిరి. వాడుక ప్రాంతమునకొక తీరుగ నుండునని, కట్టుబాటు సడలినచో పూర్వగ్రంథములు రాబోవు తరములకు అందవని వారి భయము. రెండు భయములును నిజములే. ఒకటి నేర్చుకొనువాని పక్షము. మరియొకటి ముందే వ్రాయబడినదాని పక్షము.

గొలుసు చిహ్నపు చర్చయందును సరిగా ఈ రెండు పక్షములే కనబడుచున్నవి. క్రొత్త సౌలభ్యము కావలెనను కోరిక న్యాయమైనది. నిన్నటి వాక్యము నేడు చెడరాదను పట్టుదలయు న్యాయమైనదే. భేద మొక్కటే: మన వివాదమును కాలమును వాడుకయు తీర్చినవి. పత్రికలు, కథలు, నాటకములు వ్యావహారికమును నిలిపినవి. గ్రాంథిక గ్రంథములును చెడక గ్రంథాలయములలో నిలిచియున్నవి. యంత్రభాషకు అట్టి అవకాశము లేదు. అచట వాడుక తానై వ్యాకరణమును మార్చజాలదు, సంఘము మార్చవలెను. మార్చిన పిదప వెనుకకు మరలజాలదు.

అయినను రూబీ, ఆర్ అనుభవములు ఒక మధ్యేమార్గమును చూపుచున్నవి. మొదట గ్రంథాలయముగా, అనగా ప్రయోగముగా వాడిచూచుట. పరభాషలో స్థిరపడిన అర్థమును మన్నించుట. విడుదలకు ముందే ఆక్షేపణలు వినుట. తప్పు తోచినచో సిగ్గుపడక వెనుదీయుట. ప్రయోగమే వ్యాకరణమునకు శరణ్యమని మన పెద్దలు చెప్పిన న్యాయము యంత్రభాషలకు కూడ చాలమట్టుకు చెల్లుచున్నది.

తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకొను పిల్లలకు ఇందొక లాభమున్నది. క్త్వార్థకము, సర్వనామము, విభక్తి అనునవి పరీక్షకొరకు వల్లెవేయు పేరులు మాత్రమేయని వారు తలచుట కద్దు. లోకమందలి మేధావులు ఏండ్ల తరబడి కూర్చుండి తేల్చజాలకున్న ప్రశ్నను, ఇంటిలో అమ్మమ్మ వంట చెప్పునపుడు ‘కడిగి, వార్చి, దానిలో నేయి కలిపి’ అని దినదినమును తీర్చుచున్నదని వారికి చూపినచో, ఆ పేరులకు ప్రాణము వచ్చును. ఎచట సర్వనామమును విడువవచ్చునో, ఎచట విడువరాదో ఆమెకు ఎవరును నేర్పలేదు. ఆ తెలివి మాతృభాష యిచ్చినది. దానిని పోగొట్టుకొనక, క్రొత్త భాషలను నేర్చునపుడు వెంటగొనిపోవుట మన పిల్లలకు మేలు.